రాతి మీద రాజ్యాంగం, బడి బయట బిడ్డ

మా జంషెడ్‌పూర్‌కు ఖూంటీ జిల్లా దూరమేమీ కాదు. పితరుల స్మృతికి రాయి నిలపడం అక్కడి ముండాల పూర్వాచారం. 2017-18లో ఆ రాళ్ల మీద ఐదో షెడ్యూలును, 1996 నాటి పెసా చట్టాన్ని చెక్కి ఊరి పొలిమేరల్లో పాతారు. అదే పత్థల్‌గడీ ఉద్యమం. ఆదివాసీ భూముల చట్టాలను సవరించబోయిన రఘుబర్ దాస్ ప్రభుత్వంపై ఆగ్రహం దానికొక మూలం. (ఆయన అప్పట్లో జంషెడ్‌పూర్ తూర్పు శాసనసభ్యుడే; ఆ సవరణ బిల్లులను నాటి గవర్నర్ ద్రౌపదీ ముర్ము తిప్పిపంపారు.) గ్రామసభే సర్వోన్నతమన్న ఉద్యమకారులు కొన్ని ఊళ్లలో సర్కారు బడుల నుంచి పిల్లల్ని మాన్పించారు.

అమెరికాలో ఆమిష్ క్రైస్తవులదీ ఇటువంటి నిరాకరణే. ఎనిమిదో తరగతితో చదువు చాలన్నందుకు విస్కాన్సిన్‌లో ముగ్గురు తండ్రులకు ఐదేసి డాలర్ల జరిమానా పడింది. 1972లో సుప్రీంకోర్టు మతస్వేచ్ఛ పేరిట వారి పక్షం వహించింది. జస్టిస్ విలియం డగ్లస్ మాత్రం పాక్షికంగా విభేదించారు. సాక్ష్యమిచ్చింది ఒక్క బాలికే; మిగిలిన ఇద్దరు పిల్లల మాట వినకుండా తీర్పేమిటన్నది ఆయన అభ్యంతరం.

ఖూంటీలో వాదం మతం పేరున కాదు, ఆచారం, స్వయంపాలనల పేరున సాగింది. అయినా డగ్లస్ ప్రశ్న అక్కడ ఉభయపక్షాలకూ తగులుతుంది. ఆరు నుంచి పధ్నాలుగేళ్ల బిడ్డకు 21ఎ అధికరణం ఇచ్చిన హక్కు 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. గ్రామపెద్దలు దానిని తమదిగా భావించారు. రాజద్రోహం కేసులు బనాయించిన ప్రభుత్వమా, విలీనం పేరిట రాష్ట్రంలో వేల బడులను తానే మూసింది! అటువంటి సర్కారుకు హాజరుపట్టీ చూపి ఆదివాసీని నిందించే అర్హత లేదని నా అభిప్రాయం.

2019 డిసెంబర్ 29న, ప్రమాణస్వీకారం చేసిన రోజే, హేమంత్ సోరెన్ ప్రభుత్వం ఆ కేసుల ఉపసంహరణకు నిర్ణయించింది. ఆనాడు బడి మానిన పదేళ్ల పిల్లలకు ఇప్పుడు ఓటు వయసు వచ్చింది.