ఆకాశమునుండి దూకువారు - వద్దనువారు



మన పల్లెలలో గడ నాటి సాము చేయువారిని పెద్దలందరు చూచియే యుందురు. గడ కొనయందు బాలిక బోర్ల పరుండి గిరగిర తిరుగుచున్నప్పుడు కొందరు చప్పట్లు చరచుదురు. కొందరు కన్నులు మూసికొని, “చాలును, పిల్లను దింపుడయ్యా” అందురు. సాహసమును మెచ్చుకొను బుద్ధియు, సాహసికి హాని కలుగరాదను బుద్ధియు మనుష్యునిలో కవలపిల్లలవలె పుట్టినవి. పారాషూటు అను గాలిగొడుగుతో ఆకాశమునుండి దూకువారి చరిత్ర యంతయు ఈ రెండు బుద్ధుల పెనుగులాటయే. దూకినవారి పేర్లు చాలమంది చెప్పియున్నారు. వారిని వద్దన్నవారి సంగతి నేడు మనవి చేయదలచితిని. ఏలనన, “వద్దు” అనుట ఎప్పుడు ధర్మము, ఎప్పుడు కాదు అను ప్రశ్న ఇంటి పెద్దకును ఊరి పెద్దకును నిత్యము ఎదురగునదే కదా.

1797 అక్టోబరు 22వ తేదీన పారిస్ నగరములోని మాన్సో ఉద్యానమునుండి ఆంద్రే జాక్ గార్నెరిన్ అను నతడు బెలూను క్రింద కట్టిన బుట్టలో కూర్చుండి ఆకాశమున కెగసెను. సుమారు మూడువేల అడుగుల ఎత్తున బెలూనును కట్టిన త్రాడును కోసివేసెను. పట్టుగుడ్డతో చేసిన గొడుగు విచ్చుకొనెను. కాని గొడుగు నడినెత్తిని రంధ్రము లేదు. క్రింద పట్టువడిన గాలి ఒకసారి ఈ ప్రక్కనుండి, ఒకసారి ఆ ప్రక్కనుండి పొరలిపోవుటచే బుట్ట ఉయ్యాలవలె ఊగిపోయెను. అయినను అతడు ప్రాణముతో నేలకు దిగెను. ఆనాడు అతనిని ఆపినవారు లేరు.

మరుసటి సంవత్సరము అతడు ఒక స్త్రీని తనతో బెలూనులో తీసికొనిపోవుదునని ప్రకటించెను. అప్పుడు పారిస్ పోలీసువారు అతనిని పిలిపించి సంజాయిషీ అడిగి, ఆ పని కూడదని ఆజ్ఞాపించిరి. మీది గాలి స్త్రీ శరీరమునకు హాని చేయునేమో, ఆమె మూర్ఛిల్లునేమో అనునది ఒక భయము. స్త్రీపురుషులు ఒంటరిగా ఆకాశమున కెగయుట మర్యాద కాదనునది రెండవ మాట. ఆ ఆజ్ఞకు పరీక్ష యేదియు ఆధారము కాదు. అంతకు పదునాలుగేండ్లకు పూర్వమే, 1784లో, లియాన్ నగరమున ఎలిజబెత్ తీబ్ల్ అను స్త్రీ బెలూనులో ఎగిరి క్షేమముగా దిగియుండెను. తుదకు మంత్రులు కలుగజేసికొని, ఒక బండిలో స్త్రీపురుషులు కలసి ఎక్కుట తప్పు కానప్పుడు బెలూనులో ఎక్కుటయు తప్పు కాదని తేల్చి నిషేధమును రద్దు చేసిరి. 1798 జూలై 8వ తేదీన సిటొయెన్ ఆన్రీ అను యువతి గార్నెరిన్‌తో ఎగిరి క్షేమముగా దిగెను. 1799 అక్టోబరు 12వ తేదీన జాన్ జెన్వియేవ్ లాబ్రోస్ అను యువతి ఒంటరిగా గాలిగొడుగుతో దిగి, అట్లు దిగిన స్త్రీలలో మొదటిదయ్యెను. తెలియని భయమును శాస్త్రమని చెప్పి విధించిన నిషేధము రెండేండ్లైన గడవకముందే నవ్వులపాలయ్యెను.

ఇది విని, వద్దనువారందరు మూఢులని తలపరాదు. అడ్డు చెప్పువారు లేకపోయిన యెడల ఏమగునో ఇంగ్లండు కథ చెప్పును. గార్నెరిన్ 1802లో లండనులో దిగినప్పుడు అతని బుట్ట ఊగిన ఊపును రాబర్ట్ కాకింగ్ అను చిత్రకారుడు చూచెను. గొడుగును తలక్రిందుగా, గరాటువలె చేసినచో ఊపు ఉండదని అతని యూహ. ఆ యూహలో సత్యము లేకపోలేదు. కాని ఆ యూహను పట్టుకొని ముప్పదియైదేండ్లు గడపిన ఆ మనుష్యుడు తన గొడుగు బరువును చక్కగా లెక్కింపలేదు. ఆ పరికరమే సుమారు 250 పౌనుల బరువు తూగెను. 1837 జూలై 24వ తేదీన, అరువదియొక్క యేండ్ల వయస్సున, అతడు వాక్సాల్ ఉద్యానమునుండి చార్లెస్ గ్రీన్ నడుపు బెలూను క్రింద వ్రేలాడుచు పైకి పోయెను. సుమారు ఐదువేల అడుగుల ఎత్తున విడివడగానే గరాటు చట్రము విరిగి అతడు నేలగూలి మరణించెను.

ఇచట మనము గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. అంత బరువు ఒక్కసారి విడిపోవుటచే బెలూను బాణమువలె మీదికి దూసికొనిపోయెను. దానిలో నున్న గ్రీన్‌ను, అతని మిత్రుడు ఎడ్వర్డ్ స్పెన్సర్‌ను బెలూనులోని విషవాయువు కమ్ముకొనెను. వారు ముందుచూపుతో గాలి నింపి తెచ్చుకొన్న సంచినుండి ఊపిరి పీల్చి బ్రతికిరి. “నా ప్రాణము నా యిష్టము” అని కాకింగ్ అనదగును. కాని ఆతని ప్రాణముతోపాటు మరి రెండు ప్రాణములు ఆ త్రాటికి కట్టబడియుండెను. ఈ మాట మీరు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు మరల అవసరమగును.

ఆ ఎడ్వర్డ్ స్పెన్సర్ మనుమడు పెర్సివల్ స్పెన్సర్. అతడు 1889లో మన దేశమునకు వచ్చి బొంబాయిలోను కలకత్తాలోను బెలూను ప్రదర్శనములిచ్చెను. కలకత్తాలో వ్యాయామవిద్యయందు ఆరితేరిన రామచంద్ర చటర్జీ అను వంగీయుడు అతనిని ఆశ్రయించి విద్య నేర్చుకొనెను. 1889లోనే ఒంటరిగా బెలూనులో ఎగిరి, 1890లో గాలిగొడుగుతో దిగెను. మొదట గురువుతో కలసి ఎగిరి, పిమ్మట ఒంటరిగా ఎగిరి, ఆ పిమ్మటనే దూకెను. మెట్టు తరువాత మెట్టు ఎక్కిన ఈ క్రమమే అతనిని కాపాడినది. తరువాతి కాలమున వ్రాయబడిన నియమములలో ముఖ్యమైనది ఈ క్రమమే.

ఆ క్రమము లేనిచోట జరిగినది 1896 నాటి కార్డిఫ్ నగర దుర్ఘటన. అచట ఒక గొప్ప ప్రదర్శనము జరుగుచుండెను. గోద్రాన్ అను బెలూను ప్రదర్శకునియొద్దకు లూయిసా మాడ్ ఎవాన్స్ అను బాలిక పోయి, తనకు ఇరువదియేండ్లని చెప్పి పనిలో చేరెను. నిజముగా ఆమెకు పదునాలుగేండ్లు. అంతకుముందు ఆమె ఒక్కసారియైనను దూకియుండలేదు. జూలై 21వ తేదీ సాయంకాలమున ఆమెను పైకి పంపిరి. గాలి ఆమెను సముద్రముమీదికి కొనిపోయెను. మూడు దినముల పిమ్మట ఆమె శవము తీరమున దొరకెను. విచారణసభవారు అది ప్రమాదమరణమని తేల్చి, గోద్రాన్ అజాగ్రత్తను మందలించిరి.

పిల్లలచేత అపాయకరమైన ప్రదర్శనములు చేయింపరాదని ఆ దేశమున 1879లోనే చట్టము కలదు. కాని అది పదునాలుగేండ్లు నిండనివారికి మాత్రమే వర్తించెను. ఈ బాలిక ఆ గీటు దాటి కొలది నెలలే అయ్యెను. 1897లో చేసిన క్రొత్త చట్టము ఆ రక్షణను పదునారేండ్లలోపు బాలురకును, పదునెనిమిదేండ్లలోపు బాలికలకును విస్తరింపజేసెను. 1798 నాటి నిషేధమునకును దీనికిని ఎంత భేదమో చూడుడు. మొదటిది స్త్రీ యనుటచే వద్దన్నది. రెండవది, అపాయమును తూచి తెలిసికొను వయస్సు రానివారిని సంపాదనకొరకు పణముగా పెట్టరాదన్నది. ఆ బాలికను ఆపగల పెద్ద ఒక్కడు ఆ సాయంకాలమున అచట నుండినచో ఆమె పేరు మనకు తెలియకపోయెడిది. అట్లు తెలియకపోవుటయే మేలు.

అనుమతి యిచ్చువారు చెప్పిన షరతు నెరవేరుచున్నదా లేదా అని చూడకపోవుట మరియొక దోషము. 1912లో పారిస్‌లో ఫ్రాంజ్ రైఖెల్ట్ అను దర్జీ కలడు. విమానము నడుపువారు తొడుగుకొనుటకు వీలగు ఒక గాలిగొడుగు దుస్తును అతడు కుట్టెను. ఐఫెల్ గోపురముమీదినుండి గడ్డిబొమ్మవంటి మనిషిబొమ్మకు దానిని తొడిగి పడవేయుటకు పోలీసు అధికారులు అనుమతించిరి. ఫిబ్రవరి 4వ తేదీ ఉదయమున అతడు బొమ్మను తేలేదు. దుస్తును తానే తొడుగుకొని వచ్చెను. మిత్రులు వారించిరి. అతడు వినలేదు. సుమారు 57 మీటరుల ఎత్తునుండి దూకి, నేల తాకగానే మరణించెను. సినిమా యంత్రములు ఆ దృశ్యమును పట్టినవి. కాగితముమీది నియమము బొమ్మను దూకుమన్నది. మెట్లవద్ద నిలిచి మనిషిని ఆపువారు మాత్రము లేకపోయిరి.

ఇట్టి అనుభవములనుండియే నేటి నియమములు పుట్టినవి. ఒక గొడుగు విచ్చుకొనకపోయినచో రెండవది ఉండవలెను. ఆ రెండవదానిని యోగ్యతాపత్రము గలవాడే మడవవలెను. దూకువాడు స్పృహ తప్పినను తగిన యెత్తున గొడుగును విప్పు యంత్రమును అమర్చుదురు. గాలి వేగము హద్దు మీరినచో విమానము ఎక్కనీయరు. నియమము తప్పినవానిని, ఎంత నిపుణుడైనను, కొన్నాళ్ళు నేలమీదనే కూర్చుండబెట్టుదురు. అట్లు కూర్చుండబెట్టబడినవానికి అది అవమానముగా తోచును. కాని బావిలోనికి దిగువానిని, “ముందు దీపము దింపి చూచి తరువాత దిగుము” అని నిలిపిన పెద్దవాడు వాని పౌరుషమును శంకించినవాడు కాడు కదా.

అయినను ప్రశ్న ఇంతటితో తీరలేదు. అమెరికాలోని యోసెమిటీ అను అరణ్యోద్యానమున ఎల్ కాపిటాన్ అను నిలువురాతి కొండ కలదు. దాని యెత్తు సుమారు మూడువేల అడుగులు. 1966 జూలైలో మైకేల్ పెల్కీ, బ్రయన్ షూబర్ట్ అను ఇద్దరు దాని కొననుండి గాలిగొడుగులతో దూకి గాయపడి బ్రతికిరి. 1978లో కార్ల్ బోనిష్ మెరుగైన గొడుగులతో తన మిత్రులను అచట దూకించి సినిమా తీసెను. 1980లో ఉద్యానాధికారులు అనుమతి పత్రములిచ్చి దూకనిచ్చిరి. కొందరు పత్రములు లేకయే దూకిరి; ఉద్యాననియమములను మీరిరి. కొన్ని వారములకే అధికారులు అనుమతులను నిలిపివేసిరి. విమానములనుండి మనుష్యులను సామగ్రిని దింపరాదను నియమమును దూకువారికి వర్తింపజేసిరి. అది తమకొరకు చేసిన నియమము కాదని దూకువారి వాదము.

1999 జూన్‌లో ఫ్రాంక్ గాంబాలీ అను నతడు ఆ కొండనుండి దూకి క్షేమముగా దిగెను. పట్టుకొనవచ్చిన రక్షకభటులనుండి తప్పించుకొనుటకై మెర్సిడ్ నదిలో దుమికి మునిగిపోయెను. కొండ చంపలేదు, గొడుగు చంపలేదు, పట్టుపడుదునను భయము చంపినది. ఆ నిషేధమునకు నిరసనగా అదే సంవత్సరము అక్టోబరు 22వ తేదీన కొందరు బహిరంగముగా దూకిరి. వారిలో అరువదేండ్ల జాన్ డేవిస్ అను స్త్రీ యొకతె. పరికరములను అధికారులు స్వాధీనము చేసికొందురని తెలిసి ఆమె తన మేలైన గొడుగును ఇంట నుంచి, ఎరవు తెచ్చిన దానిని ధరించెను. దానిలో గొడుగు విప్పు పిడి ఆమెకు అలవాటైనచోట లేదు. గొడుగు విచ్చుకొనలేదు. క్రింద నిలిచి చిత్రము తీయుచున్న భర్త కన్నులయెదుటనే ఆమె పడి మరణించెను. గార్నెరిన్ దూకిన తేదీయు అక్టోబరు 22 యే. నడుమ గడచినవి 202 సంవత్సరములు.

అధికారులు, “మేము చెప్పిన అపాయము నిజమని తేలెను” అనవచ్చును. దూకువారు, “మీ నిషేధమే ఆమెచేత ఎరవు గొడుగు తొడిగించెను” అనవచ్చును. రెండు మాటలలోను నిజము కలదు. ప్రాణమును కాపాడుటకు చేసిన నియమము దొంగచాటు పనిని పెంచినచో, ఆ నియమమును చేసినవారు దానిని మరల తూచి చూడవలెను. అట్లే, ఒక నియమము అన్యాయమని చూపుటకు తన జాగ్రత్తను తానే విడుచుట ధైర్యము కాదని దూకువారును తెలిసికొనవలెను.

నార్వే దేశమున ట్రోల్ గోడ యను మహాశిలాకుడ్యము కలదు. పైని చెప్పిన కార్ల్ బోనిష్ 1984లో అచట దూకి మరణించెను. 1986లో ఆ గోడనుండి దూకుటను నిషేధించిరి. అచట చెప్పిన కారణము స్పష్టమైనది: చిక్కుకొన్నవారిని దింపుటకు పోవు రక్షకుల ప్రాణములకు ముప్పు కలుగుచున్నది. అదే దేశమున ఇతర స్థలములలో దూకుటకు అడ్డు చెప్పలేదు. కాకింగ్ త్రాటికి కట్టబడిన రెండు ప్రాణములను జ్ఞాపకము చేసికొనుడు. “నా ప్రాణము నా యిష్టము” అను మాటకు సరియైన జవాబు ఇదియే: “నిన్ను వెదకుటకు వచ్చువాని ప్రాణము నీ యిష్టము కాదు.”

కావున వద్దనదలచిన పెద్ద తన్ను తాను కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. నా భయమునకు పరీక్షించిన ఆధారము కలదా, లేక అలవాటు మాత్రమేనా? ఎదుటివానికి అపాయమును తెలిసికొను వయస్సును విద్యయు కలవా? ఇతరుల ప్రాణము దీనితో ముడిపడియున్నదా? నా మాటచే అతడు ఆగునా, లేక చాటుకుపోయి ఇంతకంటె చెడ్డగా చేయునా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన “వద్దు” నిలుచును. చెప్పలేని “వద్దు” 1798 నాటి ఆజ్ఞవలె కూలిపోవును.

అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో న్యూ రివర్ నదీలోయమీద 876 అడుగుల ఎత్తున ఒక వంతెన కలదు. 1980లో ఆరంభమైన ఒక ఉత్సవమున, అక్టోబరులో ఒక్క దినము, ఆ వంతెనపై బండ్లను ఆపి, క్రింద నదిలో రక్షకుల పడవలను నిలిపి, దూకువారిని దూకనిత్తురు. ఎల్ కాపిటాన్ నుండి మొదట దూకిన ఇద్దరిలో ఒకడైన బ్రయన్ షూబర్ట్ నలువదియేండ్ల పిమ్మట, 2006లో, ఆ ఉత్సవముననే దూకి మరణించెను. నియమము మృత్యువును తొలగింపలేదు. కాని అతడు ఎవరికిని జడిసి పారిపోవలసిన పని లేకపోయెను. అతనికొరకు పడవలు ముందుగనే సిద్ధముగా నిలిచియుండెను. పెద్దరికము చేయగలిగినది అంతమాత్రమే. ఆ మాత్రమైనను చేయుట పెద్దల విధి.