ఇసుక పలక, రాతి పలక, గాజు పలక



పిల్లవానికి అక్షరాభ్యాసము చేయించునపుడు పళ్లెములో బియ్యము పోసి, ఆ బియ్యముపై వాని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుట మన యాచారము. అది వట్టి వేడుక కాదు. పూర్వము మన బడులలో చదువు ఏ రీతిగా మొదలయ్యెడిదో తెలుపు గుర్తు అది. నేడు పిల్లల చేతికి ట్యాబు అను గాజుపలక వచ్చినది. అందులో యాపులు అను పాఠసాధనములు ఇమిడియున్నవి. దానిని చూచి చదువు తరించినదని కొందరు సంతోషించుచున్నారు. చదువు చెడినదని కొందరు చింతించుచున్నారు. తీర్పు చెప్పుటకు ముందు మన పలకల చరిత్రను ఒకసారి పరిశీలించుట మంచిది. ఏ పలక ఎందువలన మేలు చేసినదో, ఎచట అది చాలకపోయినదో ఆ చరిత్రయే మనకు చెప్పగలదు.

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురమునకు చేరువను, సముద్రతీరమునకు దగ్గరగా ఉన్న మొగల్తూరు పాత సంస్థానపు పట్టణము. కలిదిండివారి జమీందారీకి అది ముఖ్యస్థానము. 1794లో కుంపిణీవారు ఈ ప్రాంతమున కలెక్టరులను నియమించినపుడు, వారిలో ఒకరి కచ్చేరి మొగల్తూరులోనే ఉండెను. అంత ప్రసిద్ధి గల ఊరైనను, ఆ కాలపు తెలుగు ఊళ్లన్నిటియందువలెనే ఇచటను సామాన్యుల చదువు వీథిబడిలోనిదే. ఇంటి అరుగుపై పంతులుగారు కూర్చుండగా, ఎదుట పిల్లలు నేలపై కూర్చుండి వ్రాసికొనుటయే ఆ బడి.

ఆ బడుల సంగతి మనకు వివరముగా తెలియుటకు కారణము సర్ తామస్ మన్రో. ఆయన మద్రాసు గవర్నరుగా ఉండి, 1822 జూన్ 25న, జిల్లాలలోని బడుల లెక్కను పంపుమని కలెక్టరులను కోరెను. వచ్చిన సమాధానములను కూర్చి 1826లో తన అభిప్రాయమును వ్రాసెను. రాజధాని మొత్తము మీద 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆ లెక్కలవలన తేలినది. అప్పటి జనసంఖ్య ఒక కోటి ఇరువది యెనిమిది లక్షలు.

ఆ సమాధానములలో బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో పంపినది మిక్కిలి విలువైనది. తెలుగు వ్యాకరణమును, నిఘంటువును రచించిన పండితుడగుటచే ఆయన మన బడులను లోతుగా చూడగలిగెను. ఆయన చెప్పినది ఇది: పిల్లవాడు మొదట నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. పిమ్మట ఆకులపై గంటముతోను, పలకపైనను, కడితముపైనను వ్రాయును. పలక యనగా అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల చెక్క. దానిని నునుపు చేసి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసిన చాలును. కడితమనగా గంజి పెట్టి బిగువు చేసిన గుడ్డ. దానిని పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులును కలిపిన పూత పూయుదురు. రెంటిపైనను తెల్లని బలపముతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచివేయవచ్చును.

ఈ పలకలో మూడు గుణములున్నవి. వ్రాసినది తప్పైనచో ఖర్చు లేకుండ, సిగ్గు లేకుండ తుడిచి మరల వ్రాయవచ్చును. పాడైనచో ఊరిలోనే బాగుచేసికొనవచ్చును. ఇక మూడవది, ఏ పిల్లవానికి ఏ పాఠమో పంతులుగారే నిర్ణయించును గాని పలక నిర్ణయింపదు. ఒకే అరుగుపై ఒకడు ఓనమాలు దిద్దుచుండును, వేరొకడు గుణింతము వ్రాయుచుండును, ఇంకొకడు పద్దులు కట్టుచుండును. ముందు నేర్చినవాడు వెనుకనున్న వానికి చెప్పును. అంతయు ఒకే పాఠము చదువవలెనను నిర్బంధము లేదు.

ఈ పద్ధతి సముద్రము దాటి పోయినదని వినిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర శరణాలయమునకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు అధికారియయ్యెను. దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుచుండగా ఆయన చూచి, తన శరణాలయములో అట్లే చేయించెను. పై బాలురచే క్రింది బాలురకు పాఠములు చెప్పించెను. 1797లో లండనులో ఈ పద్ధతిపై చిన్న గ్రంథము ప్రకటించెను. అటుపిమ్మట ఇంగ్లండులో వేలకొలది పేదపిల్లలు ఈ మద్రాసు పద్ధతిపై చదువుకొనిరి. బీదల చదువునకు వెల తక్కువ సాధనము కావలసివచ్చినపుడు ప్రపంచము మన ఇసుకనే అరువు తెచ్చుకొన్నది.

అయితే కాంబెల్ మెప్పులతో ఆగలేదు. పిల్లలు ఎన్నో పద్యములు కంఠస్థము చేయుదురు గాని వాని అర్థమెరుగరనియు, పుస్తకములోని భాష ఒకటి, ఇంటిలో ఆడుకొను భాష మరియొకటి యగుటయే దీనికి మూలమనియు ఆయన చెప్పెను. మనము గమనింపవలసినది ఇదియే. పలకలో లోపము లేదు, లోపము పలకపైకి ఎక్కిన పాఠములోనిది. సాధనము పిల్లవాని చేతికి అందినను పాఠము వాని బుద్ధికి అందలేదు.

కాలక్రమమున చెక్కపలక పోయి రాతిపలక వచ్చినది. మన మార్కాపురపు పలకలు దేశమంతటికిని పోయినవి. అచ్చుపుస్తకములును వచ్చినవి. కాని కాంబెల్ చూపిన లోపము వెంటనే తీరలేదు. దానిని తీర్చుటకు పూనుకొనినవారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు అగ్రగణ్యులు. వ్యావహారిక భాషకై వారు చేసిన పోరాటము అందరెరిగినదే. వారు పర్లాకిమిడిలో ఉన్నపుడు కొండలలోని సవరల భాషను పట్టుదలతో నేర్చి, ఆ పిల్లలకు వారి మాటలోనే పాఠములు కూర్చి, బడులు పెట్టించిరి. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. అడవిలోని పిల్లవానికి పాఠము చెప్పవలెనన్న ముందు వాని మాట తాను నేర్వవలెనని వారు గ్రహించిరి. నేడు యాపులు తయారుచేయువారికి ఇంతకు మించిన పాఠము లేదు.

యంత్రము ద్వారా బడిలోనికి పాఠమును పంపు ప్రయత్నము కొత్తది కాదు. ఆకాశవాణి బడిపిల్లలకై పాఠములు ప్రసారము చేసినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికావారి ఉపగ్రహమును ఒక సంవత్సరము వాడుకొని, ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు చేసిరి. ఉదయము పిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములు చూపిరి. గొప్ప ప్రయత్నమే. కాని గడువు తీరగానే ఉపగ్రహము తరలిపోయెను, దాని ద్వారా వచ్చెడి పాఠములును నిలిచిపోయెను. పరుల సొత్తుపై ఆధారపడిన పాఠమునకు ఆయువు పరుల చేతిలోనే ఉండునని అప్పుడే తెలిసినది.

ఇక గాజుపలక మాట. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బైజూస్ అను పాఠముల కంపెనీతో ఒప్పందము చేసికొనెను. అదే సంవత్సరము డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపకము ప్రారంభమైనది. ఎనిమిదవ తరగతి విద్యార్థులకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176, వెరసి 5,18,740 ట్యాబులు ఇచ్చుటకు సుమారు 686 కోట్ల రూపాయలని నాటి ప్రకటన. మరుసటి సంవత్సరము అదే దినమున మరల పంపకము జరిగినది. పట్టణమున ధనవంతుని బిడ్డకు దొరకు వస్తువు మొగల్తూరు వంటి ఊళ్లలో చేపలు పట్టువారి బిడ్డకును, కౌలురైతు బిడ్డకును దొరకుట సామాన్యమైన సంగతి కాదు. కాని 2024 జూలైలో ఆ పాఠముల కంపెనీపై బెంగుళూరు న్యాయాధికరణములో దివాలా విచారణ మొదలైనది. ట్యాబు పిల్లవాని చేతిలోనే ఉన్నను, అందులోని పాఠమును దిద్దువారెవరు, మార్చువారెవరు అను ప్రశ్న మిగిలినది. 1976లో తరలిపోయిన ఉపగ్రహము కథకును దీనికిని పోలిక మీరే చూడగలరు.

అట్లని గాజుపలకను పారవేయుమనుట తగదు. మన పాత పలకలలోని గుణములు దానిలో ఉన్నవా లేవా అని విచారింపవలెను.

మొదటిది దిద్దుట. ఇసుకలో వ్రాసిన వ్రేలే నేడు గాజుపై వ్రాయుచున్నది. మంచి యాపు అక్షరపు తుదిరూపమునే గాక, వ్రేలు ఎచట మొదలై ఎటు తిరిగినదో కూడ కనిపెట్టవలెను. మన లిపిలో ప, వలకును, మ, యలకును భేదము చిన్న గీతలోనే ఉన్నది. ఒత్తులు అక్షరము క్రింద చేరును. ఆంగ్లాక్షరముల కొలతకు కట్టిన చట్రములో తెలుగును ఇరికించినచో ఒత్తులు కోతపడును, పిల్లవాడు చూచినదే తప్పగును. తెలుగునకు యాపు తెలుగు లిపి నెరిగినవారే కట్టవలెను.

రెండవది మాట. వేరొక భాషలో వ్రాసిన పాఠమును తెలుగులోనికి దింపిన మాత్రమున అది తెలుగు పాఠము కాదు. డెల్టా పిల్లవానికి లెక్క చెప్పునపుడు కొబ్బరికాయల రాశి, రొయ్యల చెరువు విస్తీర్ణము, మేత బస్తాల ఖరీదు, నరసాపురపు లేసులో కుట్ల లెక్క ఎత్తవలెను. 2020–21 మొదలు మన పాఠ్యపుస్తకములలో తెలుగు, ఆంగ్లములు ఎదురెదురు పుటలలో వచ్చుచున్నవి. యాపులోను రెండు భాషలు అట్లే ప్రక్కప్రక్క నిలిచినచో పిల్లవాడు తెలిసిన గట్టుపై నిలిచి తెలియని గట్టునకు దాటగలడు.

మూడవది పిల్లవాని స్థాయి. 2022లో దేశపు గ్రామములలో జరిగిన అసర్ పరిశీలనలో, మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు నూటికి సుమారు 20 మందియే. చదువరాని పిల్లవానికి ఎనిమిదవ తరగతి పాఠమును ఎంత అందమైన బొమ్మలతో చూపినను ప్రయోజనమేమి? 2015లో ఢిల్లీలో 619 మంది పిల్లలతో ఒక పరీక్ష చేసిరి. పిల్లవాడు ఏ తరగతివాడని అడుగక, వానికి ఏమి వచ్చునో కనుగొని అచటినుండి చెప్పు కంప్యూటరు పాఠములు కొందరికి ఇచ్చిరి. దినమునకు గంటన్నర కాలములో సగము కంప్యూటరుతోను, సగము ఉపాధ్యాయునితోను గడపునట్లు ఏర్పాటు చేసిరి. నాలుగున్నర నెలలలో ఆ పిల్లలు గణితమునను భాషయందును తక్కినవారికంటె స్పష్టముగా ముందుకు వచ్చిరి. మన అరుగుబడిలో పంతులుగారు ఎవని పాఠము వానికి చెప్పిన పద్ధతియే ఇది.

నాలుగవది పంతులు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున గ్రామపు బడులలో పిల్లలకు చిన్న కంప్యూటరులు పంచిపెట్టిరి. 319 బడులను పరిశీలించి, 2012లో ఫలితములు ప్రకటించిరి. సుమారు 15 నెలల తరువాతను గణితమునందు గాని భాషయందు గాని పిల్లలకు మెరుగు కనబడలేదు. వస్తువు చేరినది గాని చెప్పు పద్ధతి మారలేదు. గురువు లేని విద్య గుడ్డి విద్య యని మనవారు ఊరక అనలేదు. ఏ పిల్లవాడు ఎచట ఆగెనో యాపు పంతులుగారికి చూపవలెను; ఆపుమన్నపుడు ఆగవలెను. నక్షత్రములు, నాణెములు ఎర చూపి పిల్లవానిని కదలనీయక కూర్చుండబెట్టు యాపు ఆటబొమ్మయే గాని పలక కాదు.

ఐదవది నిలుకడ. మనది తుపానుల తీరము. కరెంటు పోవును, నెట్టు అందదు. పాఠము ట్యాబులోనే నిలిచియుండి, నెట్టు లేకున్నను తెరచుకొనవలెను. అంతకంటె ముఖ్యముగా, ప్రజాధనముతో కొన్న పాఠములు ప్రజల సొత్తుగా ఉండవలెను. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన దీక్షా వేదికలో పాఠములు ఉచితముగా లభించుచున్నవి. అట్టి చోట చేర్చిన పాఠము ఒక కంపెనీ మూతపడినను మూతపడదు.

ఇవన్నియు ఇంజనీర్లు చూచుకొనవలసినవి, మాకేల యని మీరనుకొనరాదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. ఆ సభలో ఊరి పెద్దలు లేచి అడుగదగిన ప్రశ్నలు ఇవి: ఈ పాఠము మా పిల్లవాని మాటలో ఉన్నదా? వానికి వచ్చినది కనుగొని మొదలుపెట్టుచున్నదా? పంతులుగారి చేతిలో ఉన్నదా? కంపెనీ పోయినను నిలుచునా?

అడుగుటకు కంప్యూటరు విద్య అక్కరలేదు. మనుమని ప్రక్కన కూర్చుండి, ఆ పలకపై వాడు నేర్చినదేమో తిరిగి మీకు చెప్పుమనుడు. చెప్పగలిగినచో అది మంచి పలక. బొమ్మలు మాత్రమే చూపగలిగినచో బడికి పోయి అడుగుడు.