గుట్ట మీది తిండి, గుట్ట కింది తిండి

నువ్వు 45 నంబర్ రోడ్డు మీద కాఫీ హోటల్ పెడ్తనంటున్నవ్ గద, జర మంట కాడికి జరుగు, చెప్త. నీ దోస్తులను గూడ కూసోమను. నువ్వు పుట్టకముందు గీ జూబ్లీహిల్స్ గుట్ట మీద చేతిల పైసలున్నా చాయ్ సుక్క దొర్కకపోతుండె.

నవ్వకుర్రి. చల్లగళ్ళ నరసింహం అని పెద్దాఫీసరు ఉంటుండె. ఆయన సొసైటీ పెట్టి గీ జాగను ప్లాట్లు చేసిండ్రు, ముందుగాల తానే ఇల్లు కట్టుకున్నరు. కడమోళ్ళు ప్లాటు కొన్నరు గని వచ్చి ఉండనీకి జంకిండ్రు. ఏమున్నదీడ? బండలు, సీతాఫలం చెట్లు, పాములు. మా నాయిన పాలమూరు నుంచి వచ్చింది గా బండలు కొట్టనీకే. పెద్ద గుండు మీద కట్టెలు పేర్చి అంటువెడ్తుండిరి. రాయి కాగి పొర లేస్తది, అప్పుడు సుత్తె, గడ్డపార. గా నిప్పుల మీదనే పెంక పెట్టి మా అమ్మ జొన్నరొట్టెలు చేస్తుండె. అండ్లకు పచ్చిమిరపకాయ తొక్కు, ఉల్లిగడ్డ. గుట్ట మీద మొదటి హోటల్ గదే అనుకో, బిల్లు లేని హోటల్.

సినిమోళ్ళు అప్పటికింక మద్రాసులనే ఉండిరి. అమీర్‌పేటల సారథి స్టూడియో ఉన్నది, అక్కినేని నాగేశ్వర్రావు గారు కాపురం ఈడికి మార్చిండ్రు, గంతే. 1976ల ఆయన గీ బండల నడుమ అన్నపూర్ణ స్టూడియో తెరిచిండ్రు. తర్వాత కృష్ణ గారు పద్మాలయ, ఆ వెనుక రామానాయుడు గారు ఫిలింనగర్ గుట్ట మీద తన స్టూడియో. నేను అన్నపూర్ణల మట్టి మోయనీకి పోయి, కొన్నొద్దులకు ప్రొడక్షన్ల చేరిన. ప్రొడక్షన్ అంటె సినిమా తీసే పని కాదుర, సెట్టు మీద టీలు, టిఫినీలు, క్యారేజీలు మోసే పని. పొద్దుగాల నాలుగ్గొట్టంగ లేచి ఇడ్లీ గిన్నెలు జీపుల ఎక్కియ్యాలె. తొమ్మిది గంటల కాల్షీటుకు టిఫిన్ ఆలస్యమైతె కెమెరా ముందల నిలబడేటోడు ఒక్కడుండడు. పాత సినిమాల తిండి మస్తుగుంటుండె అని ఎవలన్న చెప్తె నమ్మకు. జీపు గుట్ట ఎక్కేవరకు ఇడ్లీలు గట్టిపడ్తుండె. చట్నీ సగం దారిల ఒలికిపోతుండె.

గిన్నెలకు గూడ హోదా ఉంటుండె అప్పట్ల. హీరో గారి క్యారేజీ ఇంటి నుంచి వస్తది. ఈడ ఇల్లు లేని పెద్ద ఆర్టిస్టుకు బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1ల బంజారా హోటల్ నుంచో, లక్డీకాపూల్ ద్వారకా నుంచో తెస్తం. డైరెక్టరుకు, కెమెరామెన్‌కు ఒక మెస్సు, అసిస్టెంట్లకు ఇంకో మెస్సు. లైట్‌బాయ్‌లకు, జూనియర్ ఆర్టిస్టులకు పెద్ద గిన్నెల సాంబారన్నం, పెరుగన్నం. ఒకరి క్యారేజీ ఇంకొకరి ముందల పెట్టినవనుకో, ఆనాటికి నీ బేటా, అంటె రోజు బత్తెం, కట్.

గింతకన్న పెద్ద కట్టుబాటు ఇంకొకటుంటుండె. హీరో తింటుంటె ఎవలూ చూడొద్దు. మేకప్ రూము తలుపు దగ్గరికేస్తరు, మేం క్యారేజీ లోపల పెట్టి వెనుకకు నడుసుకుంట బయటికి రావాలె. తెర మీద రాముడు, కృష్ణుడు అనుకునేటోళ్ళు ఆయన చేతికంటిన పచ్చడి చూస్తె ఎట్ల అని మా మేనేజరు అంటుండె. నాకైతె అది వట్టి భయమే అనిపిస్తుండె. ఆకలైన మనిషిని చూస్తె మొక్కబుద్ధి కాదా ఏంది?

మద్రాసు నుంచి వచ్చిన పాత మేనేజర్లు మాత్రం ఇంకో తీరు ముచ్చట చెప్తుండిరి. సూర్యకాంతం గారు. తెర మీద ఆమెను చూస్తె కోడండ్లు వణుకుతుండిరి. సెట్టుకు వచ్చేటప్పుడు మాత్రం ఇంటి నుంచి వండుకొచ్చిన పులిహోరలు, స్వీట్లు పట్టుకొచ్చి, చిన్న పెద్ద లేకుండ అందరికి పెడ్తుండెనట. కాకినాడ దిక్కు మనిషి, పెట్టిన చెయ్యి ఊకుంటదా? హైదరాబాద్ వచ్చినంక దాసరి నారాయణరావు గారింట్ల గూడ అట్లనే, పోయినోడు తినకుండ తిరిగి రాకపోయేది. అంటె పెద్దోళ్ళు పెడ్తరు, పక్కన కూసోబెట్టుకొని తినిపిస్తరు. గని అమ్మరు. అమ్ముడనే మాట సినిమోళ్ళ నోట్ల నేనెన్నడు వినలే.

ఇగ గుట్ట దిగుదాం. ఎనభైల ఆఖరుకు సినిమోళ్ళు ఒక్కొక్కరు మద్రాసు ఖాళీ చేసి వచ్చుడు షురువైంది. పెద్దోళ్ళు గుట్ట మీద బంగ్లాలు కట్టుకున్నరు. వాళ్ళ వెంబడి వచ్చిన అసిస్టెంట్లు, డూపులు, డాన్సర్లు, పాటలు రాస్తమనేటోళ్ళు, వేషాలకొచ్చిన పోరగాళ్ళు ఎక్కడుండాలె? గుట్ట కింద యూసుఫ్‌గూడ పక్కపొంటి కృష్ణానగర్. మద్రాసుల పానగల్ పార్కు చెట్ల కింద కూసునేటోళ్ళు ఈడ కృష్ణానగర్ గల్లీలల్ల కూసున్నరు. పొద్దు పొడవకముందే జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్లు వచ్చి, నువ్వు రా, నువ్వు రా అని బస్సుల ఎక్కించుకొని పోతుండిరి. మిగిలినోళ్ళు ఏం చేస్తరు? ఆకలికి సెలవుండదు గద. మీ నాయినమ్మ గప్పుడే మెస్సు పెట్టింది.

పాలమూరు ఆడమనిషి, జొన్నరొట్టె, సల్ల తప్ప తెల్వదు. వచ్చేటోళ్ళేమో భీమవరం, తెనాలి, రాజమండ్రి, కర్నూలు. గోదారి పోరగాడు పులుసుల బెల్లం ఎయ్యమంటడు. గుంటూరోనికి గోంగూర లేకుంటె ముద్ద దిగదు. రాయలసీమోడు సంగటి ఏదంటడు. వరంగల్ పిలగాడు గివన్ని చూసి, అక్కా, జర పచ్చిపులుసు చెయ్యరాదె అంటడు. మీ నాయినమ్మ అందరి కాడ నేర్చుకున్నది. గా వంటింట్ల రాష్ట్రమంత ఉంటుండె, కొట్లాటతో సహా. బగార అన్నంల ఆవకాయ కలుపుకొని తినేటోన్ని చూసి ఆమె తలకాయ కొట్టుకుంటుండె.

ఖాతా పుస్తకం సంగతా? ఉండేది, మందంగ. ఇప్పుడు పెద్దోడైన డైరెక్టరొకడు కారుల వచ్చి పాత బాకీ తీర్చిండనే కథలు మీరు యూట్యూబుల వింటరు. మాకు అట్ల ఒక్కడు రాలే. పేరొచ్చినోడు గా గల్లీ దిక్కే చూడలే, పోనియ్, పనిల ఉంటరు. పైసలు పంపినోళ్ళంత సినిమా ఇడిసిపెట్టి ఊరికి పోయినోళ్ళే. ఒకడు తణుకు దిక్కు చేపల చెరువు పెట్టుకొని, మనియార్డరు చేసి, అండ్ల రెండు సార్లు పెరుగు ఎక్కువేసుకున్న లెక్క గూడ కలిపిండు.

1995 జనవరిల ఎన్టీరామారావు గారి సర్కారు మందు బంద్ పెట్టింది, 1997ల మళ్ళ ఎత్తేసిండ్రు. గా రెండేండ్లు బార్లు నడిపేటోళ్ళు ఏడ్సిండ్రు, మెస్సులోళ్ళం మాత్రం మంచిగ బతికినం. దాని గురించి ఇంకెక్కువ చెప్పేదేం లేదు.

అసలు మార్పు 1998ల, మాదాపూర్‌ల సైబర్ టవర్స్ తెరిచినంక. అప్పటిదాక జూబ్లీహిల్స్ అంటె దారి ఆఖరుకున్న గుట్ట. సాఫ్ట్‌వేరోళ్ళు వచ్చినంక అది నడుమ దారి అయ్యింది. పొద్దుగాల ఇటు నుంచి అటు, రాత్రి అటు నుంచి ఇటు, జేబుల జీతం, ఇంట్ల వంట లేదు. చెక్‌పోస్ట్ నుంచి 36 నంబర్ రోడ్డు పొంటి ఒక్కొక్క బంగ్లా గోడ పడగొట్టుకుంట వచ్చిండ్రు. ముందు గది బట్టల దుకాణం, మీది అంతస్తు హోటల్. రాయలసీమ రుచులు, స్పైసీ వెన్యూ, ఉలవచారు, గిట్ల పేర్లు లేచినయ్. ఉలవచారు అంటె ఏందిరా? ఎడ్లకు ఉడకబెట్టిన ఉలవల నీళ్ళు కాచి, మరగబెట్టి చేసే చారు. దాని పేరు మీద ఏసీ హోటల్! నాకు మొదలు నవ్వొచ్చింది. తిన్నంక నవ్వు ఆగింది. మీగడ ఏసి ఇచ్చిండ్రు, బాగనే ఉన్నది.

తెలంగాణ వచ్చినంక, 2014 తర్వాత, మన తిండి గూడ గుట్ట ఎక్కింది. సర్వపిండి, తలకాయ కూర, బోటి, జొన్నరొట్టె. ఒకనాడు మీ నాయిన నన్ను గసొంటి హోటల్‌కు తోల్కపోయిండు. అరిటాకుల జొన్నరొట్టె, చిన్న మట్టి గిన్నెల పచ్చిమిరపకాయ తొక్కు, పక్కన ఉల్లిగడ్డ చక్రాలు. మా అమ్మ పెంక పెట్టిన గుండు గా హోటల్‌కు ఎంత దూరమో నాకు తెలుసు. రేటు చూసిన. మీ నాయిన కార్డు మూసేసి, నువ్వు తిను అన్నడు. తిన్న. రొట్టె పలుసగ ఉన్నది, అంచు మాడింది. గంత రేటుకు అంచు మాడకుండ చెయ్యాలె గద.

ఇగ ఇక్కడినుంచి ఇనుండ్రి, నీకు పనికొచ్చే ముచ్చట గిదే. తింటుంటె చూడొద్దన్న హీరోలే హోటళ్ళు తెరిచిండ్రు. చిరంజీవి గారు కర్ణాటకల దారి పక్క హోటల్‌ల మెత్తటి దోశ తిన్నరట. అది మనసుల పడి, ఇంట్ల వంటాయనతోటి చేయించి చేయించి, ఆవిరి దోశ తయారు చేయించిండ్రు. అది చట్నీస్ హోటల్ కార్డు మీదికెక్కింది, ఆయన పేరు తోటే. తలుపు మూసుకొని తినే కాలం పోయి, హీరో ఏం తిన్నడో అది మనం పైసలిచ్చి తినే కాలం వచ్చింది. నాగార్జున గారు ఎన్ గ్రిల్ పెట్టిండ్రు. సందీప్ కిషన్ హోటల్‌కు వివాహ భోజనంబు అని పేరు పెట్టుకున్నడు. 1957 మాయాబజార్ సినిమాల పాట అది. ఎస్వీ రంగారావు గారు ఘటోత్కచుడు, ఎదురుంగ లడ్లు, గారెలు. తినేటివి వాటంతటవే నోట్లకు పోయేది మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయ. అప్పుడు తెర మీద తిండి మాయ, ఇప్పుడు పళ్ళెంల తిండి నిజం, గోడ మీద బొమ్మ మాయ. 2022ల నాగచైతన్య షోయూ అని పెట్టిండు, చైనా, జపాన్ దిక్కు వంటలు. అండ్ల కూసునే జాగనే లేకుండె, ఫోన్‌ల చెప్తె ఇంటికి పంపుతుండిరి. కూసోబెట్టని హోటల్ ఏం హోటల్‌రా అంటె, నువ్వే గద నవ్వినవ్. అదే ఏడు డిసెంబరుల మహేశ్‌బాబు కుటుంబం మినర్వాతోటి కలిసి బంజారాహిల్స్‌ల ఏఎన్ తెరిచిండ్రు.

అందరు అమ్ముతనే ఉన్నరనుకోకు. మొగల్తూరు రాజుల తీరు వేరు. కృష్ణంరాజు గారు ఉన్నన్నొద్దులు ఇంటికొచ్చినోనికి పెట్టకుండ పంపలే. ఆ ఇంటి పిలగాడు ప్రభాస్ ఇప్పటికీ తనతోటి చేసేటోళ్ళకు ఇంటి క్యారేజీ పంపుతడు. 2022ల అమితాబ్ బచ్చన్ ఈడ షూటింగ్‌కొచ్చినప్పుడు, సైన్యానికి సరిపోయేంత పంపిండని ఆయనే లోకానికి చెప్పిండు. గా క్యారేజీ మోసిన పోరగాడు ఎవడో గని, వాని నడుం సంగతి నాకెరుక.

కరోనాల గవేవీ లేకపోయె. షూటింగ్ బంద్, మెస్సు బంద్, కృష్ణానగర్ ఖాళీ. చిరంజీవి గారు ముందల నిలబడి సీసీసీ అని సాయం సంస్థ పెట్టి, సినిమా కార్మికుల ఇండ్లకు బియ్యం, పప్పు పంపిండ్రు. మీ నాయినమ్మ మెస్సు తలుపు మాత్రం గప్పుడు పడ్డది, మళ్ళ తెరవలే. తెరుస్తమంటె ఆమెనే వద్దన్నది. మోకాళ్ళు.

2020 సెప్టెంబర్ల దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచిండ్రు. అప్పటిదాక 45 నంబర్ రోడ్డు అంటె బంగ్లాల కుక్కలు మొరిగే రోడ్డు. వంతెన పడ్డనాటి నుంచి మాదాపూర్ గిట్ల చెయ్యి చాపితె అందుతది. ఇగ చూడు, వంద అడుగులకొక కాఫీ. కప్పు మీద ఆకు బొమ్మ, రాత్రంత లైట్లు. కాఫీ చిన్న కప్పే, కుర్చీలు మాత్రం పెద్దయి. వాళ్ళు అమ్మేది కాఫీ కాదు, కూసునుడు. గది తప్పని నేను అనను. మన కృష్ణానగర్ పోరగాళ్ళు ఒక చాయ్ మీద పూటంత కథలు చెప్పుకోలేదా? ఇప్పటి అసిస్టెంట్ డైరెక్టర్లు గూడ ల్యాప్‌టాప్ తెరిచి గండ్లనే కూసుంటున్నరు. తేడా ఏందంటె, మేం లేవుమని అనకపోతుంటిమి, వీళ్ళు బిల్లు తెచ్చి పెడ్తరు.

పెద్ద రోడ్డు హోటల్ ఎంత మెరిసినా, జనం యాడ గుమికూడుతరో చెప్పలేం. 2024 జనవరి యాది చేసుకో. ఐటీసీ కోహినూర్ ఎదురుంగ, రోడ్డు పక్కన కుమారి ఆంటీ అన్నం బండి. రెండు లివర్లు ఎక్స్‌ట్రా అన్న ఒక్క మాటకు ఊరంత ఎగబడ్డది. ట్రాఫిక్ ఆగి పోలీసులు బండి తీయమంటె, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డే కలగజేసుకొని ఉండనియ్యుండ్రి అన్నడు. సందీప్ కిషన్ తన సినిమా ప్రచారానికి గా బండి కాడికి పోయి తిన్నడు. ఆలోచించు, సొంత హోటల్ ఉన్న హీరో సినిమా కోసం రోడ్డు మీద, కెమెరాల ముందల, చేత్తోటి కలుపుకొని తిన్నడు. మా మేనేజరు బతికుంటె గుండాగి సచ్చేటోడు.

గందుకే నిన్ను వద్దనను. పెట్టు. గని గోడలకు పెట్టే పైసలు తగ్గించు, ఒక మంచి వంటామెను పెట్టుకో, మధ్యాహ్నం పూట నాలుగు రకాలైనా అన్నం పెట్టు. కాఫీ తాగే పిల్లలకు గూడ రెండింటికి ఆకలైతది. సరే, కిరాయి ఎంతన్నవ్? నెలకేనా? అడ్వాన్సు ఎన్ని నెలలదంటున్నడు? పార్కింగ్ అండ్లనే వస్తదా, వేరే పైసలా? గా ఫోన్ పక్కన పెట్టి ఒక కాయితం పెన్ను తేరా, రోజుకు ఎన్ని కప్పులు పోతె గట్టునపడ్తవో ఇప్పుడే చూద్దం.