యుద్ధాన్ని ఆపలేకపోయిన స్టూడెంట్ కాన్ఫరెన్స్

బీటెక్‌లో నేనూ ఒక స్టూడెంట్ కాన్ఫరెన్స్‌కి వెళ్లాను. టాపిక్ విదేశాంగ విధానం. నిజం చెప్పాలంటే, సర్టిఫికెట్ కోసమే వెళ్లాను. స్టూడెంట్స్ నాలుగు మాటలు మాట్లాడుకుంటే దేశాల గొడవలు తీరతాయా అని లోపల నవ్వుకున్నాను. చరిత్రలో ఈ ప్రశ్నకి జవాబు ఉంది.

1931లో జపాన్ సైన్యం చైనాలోని మంచూరియాని ఆక్రమించింది. అమెరికాతో సంబంధాలు చెడ్డాయి. పెద్దవాళ్ల వల్ల కావట్లేదని కొందరు జపాన్ విద్యార్థులు తామే అమెరికా వెళ్లి, అక్కడి విద్యార్థుల్ని టోక్యోకి పిలుచుకొచ్చారు. అలా 1934లో జపాన్-అమెరికా స్టూడెంట్ కాన్ఫరెన్స్ మొదలైంది. ఒక ఏడాది ఇక్కడ, ఇంకో ఏడాది అక్కడ.

మరి యుద్ధం ఆగిందా? లేదు. 1941 డిసెంబర్‌లో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. కాన్ఫరెన్సే ఆగిపోయింది.

కానీ చూడండి, 1939లో దానికోసం అమెరికా వెళ్లిన కుర్రాళ్లలో కీచి మియజవా ఒకరు. కాబోయే భార్య పరిచయమైందీ అక్కడే! 1951లో శాన్ ఫ్రాన్సిస్కోలో జపాన్ శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు ఆయన ఆ బృందంలో ఉన్నారు. 1991లో ప్రధానమంత్రి అయ్యారు. ఇక ఆ కాన్ఫరెన్స్ 1947లోనే మళ్లీ మొదలైంది.

యుద్ధం ఆగకపోయినా, అది అయ్యాక అవతలివాళ్లతో కూర్చుని మాట్లాడగలిగే మనుషులు మిగిలారు. నేనేమో ఆ రోజు నాతో గట్టిగా వాదించిన అమ్మాయి పేరైనా అడగలేదు. సర్టిఫికెట్ మాత్రం ఫైల్లో భద్రంగా ఉంది. మీరు వెళ్తే అలా చేయకండి.