సంచీ ఒకరిది, మందుల పెట్టె ఒకరిది

మా నాయనమ్మ తన వయసెంతో ఎప్పుడూ సరిగ్గా చెప్పేది కాదు గానీ, ఎక్కడ పుట్టిందో మాత్రం అడక్కుండానే చెప్పేది. "నేను గుంటూరు కుగ్లరాసుపత్రిలో పుట్టానే! ఆ డాక్టరమ్మ లేకపోతే మా అమ్మా లేదు, నేనూ లేను" అని. మడి కట్టుకుంటే పిల్లల్ని దగ్గరికి రానివ్వని మనిషి, ఆ క్రైస్తవ డాక్టరమ్మ మాట వచ్చేసరికి చెయ్యెత్తి దణ్ణం పెట్టేది.

గుంటూరు వాళ్ళకి ఆ పేరు ఎంత అలవాటైపోయిందంటే, అది ఒక మనిషి పేరని, పెళ్ళి కూడా చేసుకోకుండా సముద్రాలు దాటి వచ్చిన ఒక ఆడపిల్ల పేరని చాలామందికి తట్టనే తట్టదు.

ఆవిడ కథ చెప్పుకోవాలంటే ముందుగా ఒక ముసలాయన్ని పలకరించాలి. పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. పుట్టింది జర్మనీలో, స్థిరపడింది అమెరికాలో. లూథరన్ పాదిరీగా 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టే నాటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు. భార్య పోయి మూడేళ్ళయింది. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్, ఇక్కడే ఉండిపొమ్మని కోరి ఆసరా ఇచ్చారు. హయ్యరుగారు బడులు పెట్టారు. మధ్యలో స్వదేశం వెళ్ళి, యాభై దాటిన వయసులో బాల్టిమోరులో కుర్రాళ్ళ పక్కన కూచుని వైద్యం చదువుకుని, 1848లో మళ్ళీ వచ్చారు. పల్నాటి ఎండల్లో, గురజాలలో కాపురం పెట్టారు. 1857లో ఆరోగ్యం దెబ్బతిని అమెరికా వెళ్ళిపోయారు.

అంతటితో కథ ముగిస్తే, మంచి మనిషి, చేసినంత చేశాడు అనుకుని ఊరుకుందుము. అసలు ముచ్చట ఆ తర్వాతే ఉంది.

1869లో రాజమండ్రి మిషనుకి మనుషులు కరువయ్యారు. అమెరికా లూథరన్లు దాన్ని ఇంగ్లీషు వాళ్ళ సంఘానికి అప్పగించేద్దామనుకున్నారు. పెన్సిల్వేనియాలో రీడింగ్ అనే ఊళ్ళో పెద్దలంతా సమావేశమయ్యారు. అప్పుడు డెబ్బై ఆరో యేట ఉన్న హయ్యరుగారు లేచి, వద్దు, ఇవ్వకండి, నేను వెళతానన్నారట. ఎప్పటికి సిద్ధం కాగలరని అడిగితే, చేతిలోని ప్రయాణపు సంచీ ఎత్తి చూపించి, ఇప్పుడే అన్నారని లూథరన్ల ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ యేడే ఓడెక్కారు. 1870లో కుర్ర మిషనరీలు వచ్చి అందుకునేదాకా రాజమండ్రిలో దీపం ఆరకుండా చూసి, తిరిగి వెళ్ళి 1873లో కన్నుమూశారు.

మనమో! నలభై దాటగానే, ఇంకేం చేస్తాంలే, మన కాలం అయిపోయింది అని నిట్టూరుస్తాం. నేనూ అంతే లెండి.

ఇక డాక్టరమ్మ. అన్నా సేరా కుగ్లర్ 1856లో పెన్సిల్వేనియాలో పుట్టింది. ఆడవాళ్ళ కోసమే పెట్టిన ఫిలడెల్ఫియా వైద్య కళాశాలలో 1879లో డాక్టరయింది. ఆడవాళ్ళు డాక్టర్లేమిటని మగవాళ్ళు ముక్కున వేలేసుకునే రోజులవి. చేతిలో మంచి ఉద్యోగం ఉంది. ఆ సమయంలో గుంటూరులో పనిచేస్తున్న ఒక మిషనరీ నుంచి ఉత్తరం వచ్చింది, ఇక్కడి స్త్రీలకి వైద్యం చేసేవాళ్ళు లేరని. ఘోషాలో ఉన్న ఆడది ప్రాణం మీదికి వచ్చినా సరే, మగ డాక్టరుకి నాడి చూపించని కాలం.

ఆవిడ సరేనంది. చిక్కు అక్కడే వచ్చింది. పంపించే మిషను స్త్రీల సంఘంవారు, వైద్యానికి మేమింకా సిద్ధంగా లేము, వెళితే పంతులమ్మగా వెళ్ళు అన్నారు. ఒక్క క్షణం ఆలోచించండి. నాలుగక్షరాలు కాదు, డాక్టరు చదువు చదివిన పిల్లని పలకలు దిద్దించమంటే మనమైతే ఏం చేస్తాం? అలిగి ఇంట్లో కూచుంటాం. ఆవిడ అలగలేదు, వాదించనూ లేదు. పంతులమ్మగానే ఓడెక్కింది. కాకపోతే సామానులో మందులూ పనిముట్లూ కూడా సర్దుకుంది!

1883 నవంబరులో గుంటూరు చేరింది. పిల్లలకి పాఠాలు చెబుతూనే, పిలిచిన ఇంటికల్లా వెళ్ళింది. మొదటి యేడాదిలోనే ఇళ్ళకు వెళ్ళి చూసిన రోగులు 185 మంది, తన బసకి వచ్చినవాళ్ళు 276 మంది. ఆ లెక్క చూశాక సంఘంవారు మాత్రం ఏం చేస్తారు? 1885లో ఆవిడని డాక్టరుగానే నియమించారు. అమెరికాలోని స్త్రీలు చందాలు పోగుచేసి పంపగా, 1898లో ఆసుపత్రి వెలిసింది. అంటే వచ్చిన పదిహేనేళ్ళకి! పదిహేనేళ్ళంటే మనింట్లో ఒక పిల్ల పుట్టి, పెరిగి, హైస్కూలు చదువు ముగించేంత కాలం.

"మతం మార్చడానికే గదా వచ్చారు" అని మా మామగారు అనేవారు. ఆ మాటా దాటెయ్యకూడదు. తమ దేవుణ్ణి గురించి చెప్పాలనే వచ్చారు, ఆ సంగతి వాళ్ళు దాచలేదు. అయితే మందు సీసా ఇచ్చేముందు ఆవిడ కులం అడిగిందీ లేదు, మతం అడిగిందీ లేదు. ఏలూరు జమీందారుగారు హిందువుగానే ఉండి, ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువులు దిగడానికి కృతజ్ఞతతో వసతి కట్టించారు. మా నాయనమ్మ చివరిదాకా మడి వదల్లేదు, దణ్ణమూ మానలేదు. ఆ రెండూ ఒకే గుండెలో సర్దుకున్నాయి మరి!

నాకు చాలాకాలం ఒక సందేహం ఉండేది. మార్టిన్ లూథరు అనుయాయులు, మోక్షం మనం చేసే మంచిపనులకి దొరికే కూలి కాదు, దైవం ఉచితంగా ఇచ్చే కృప అంటారు. ఉచితంగా వచ్చేదానికి ఇంత కష్టపడటం దేనికి? చివరికి మన వైష్ణవులు చెప్పే మార్జాల కిశోర న్యాయం గుర్తొచ్చింది. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని ఉండాలి. పిల్లికూనకి ఆ బాధ లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. కాకపోతే ఎక్కడ దింపుతుందో కూన చెప్పలేదు. ఒకరిని డెబ్బై ఆరో యేట రాజమండ్రిలో దింపింది. ఇంకొకరిని పంతులమ్మ వేషంలో గుంటూరులో దింపింది. దింపినచోట వాళ్ళు చేసినదంతా ఋణం తీర్చుకోవడానికి కాదు. అమ్మ చేతి అన్నం తిన్న పిల్ల, పొరుగు పిల్ల ఆకలితో ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోలేదు, అంతే.

అన్నా కుగ్లర్ 1930 జూలైలో, గుంటూరులోనే కన్నుమూసింది. వచ్చి నలభై ఏడేళ్ళు. పంతులమ్మగా వచ్చిన మనిషి పేరు ఆసుపత్రి పేరైంది.

పిలుపు ముహూర్తం చూసుకుని రాదు కాబోలు. ఒక్కోసారి మనకి వచ్చిన పని చెయ్యమనదు, వేరే పని చెయ్యమంటుంది. అలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకు పెద్దగా తెలియదు గానీ, సామాను సర్దుకునేటప్పుడు మన మందుల పెట్టె మాత్రం మర్చిపోకూడదు.