కృత్రిమ మేధ: ఢిల్లీ వ్యూహంలో మన నేల

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. అవి నాకన్నా బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని ఇంజనీరుగా నాకు తెలిసిన ఒక చరిత్రను మన గురువుల ముందు, పూర్వ విద్యార్థుల ముందు పెడుతున్నాను. ఇప్పుడు ఏ పత్రిక తెరిచినా కనిపించే కృత్రిమ మేధ విషయంలో మన దేశ ప్రభుత్వాలు ఏమనుకున్నాయి, ఏం చేశాయి, అందులో పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నేలకు చోటేమిటి అన్నదే ఆ చరిత్ర. చోటు ఉంది. చిన్నదే కానీ ఉంది.

మొదటి ప్రయత్నం: 1986

చాలామంది ఇది నిన్నమొన్నటి సంగతి అనుకుంటారు. భారత ప్రభుత్వం ఈ రంగంలో అడుగు పెట్టి నలభై ఏళ్లవుతోంది. 1982లో జపాన్ ప్రభుత్వం ‘ఐదో తరం కంప్యూటర్ల’ పథకం మొదలుపెట్టింది. మనిషిలాగా తర్కించే, మాట అర్థం చేసుకునే యంత్రాలు చేస్తామని ప్రకటించింది. అది విని అమెరికా, బ్రిటన్ కంగారుపడి తమ పథకాలు తాము వేసుకున్నాయి. మన దేశంలో 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చింది. ఆ తర్వాత 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో, జ్ఞానాధారిత కంప్యూటర్ వ్యవస్థల పథకాన్ని ప్రారంభించింది.

పనిని పెద్ద సంస్థలకు పంచారు. మద్రాసు ఐఐటీకి నిపుణ వ్యవస్థలు, బెంగుళూరు ఐఐఎస్‌సీకి సమాంతర గణన, బొంబాయి టాటా పరిశోధన సంస్థకు మాటను గుర్తించే పని, కలకత్తా భారత గణాంక సంస్థకు చిత్రాల విశ్లేషణ అప్పగించారు. ఆ రోజుల్లో మనలో చాలామందిమి కంప్యూటరును బొమ్మలో కూడా చూసి ఉండం.

నాటి పద్ధతి ఏమిటో ఒక్క మాటలో చెప్పుకుందాం. ఒక నిపుణుణ్ణి కూర్చోబెట్టి, ఆయనకు తెలిసిందంతా ‘ఇలా ఉంటే ఇలా చెయ్యి’ అనే నియమాలుగా రాసి యంత్రానికి ఇచ్చేవారు. వైద్యుడి నియమాలు వేలకొద్దీ రాస్తే యంత్రం వైద్యుడవుతుందని ఆశ. లోకం నియమాలకు లొంగలేదు. ఒక నియమం రాస్తే పది మినహాయింపులు ముందుకొచ్చాయి. జపాన్ పథకం అనుకున్నంత ఫలితం ఇవ్వకుండానే 1992లో ముగిసింది. మన పథకం నుంచి బజారుకు వచ్చిన యంత్రాలు పెద్దగా లేవు కానీ, తర్వాతి తరానికి పాఠం చెప్పగల పరిశోధకులు తయారయ్యారు. అది తక్కువ లాభం కాదు.

మన భాష వైపు పని కూడా ఆ కాలంలోనే మొదలైంది. ఐఐటీ కాన్పూరులో రాజీవ్ సంగల్, వినీత్ చైతన్య పాణినీయ వ్యాకరణ పద్ధతిని ఆధారం చేసుకొని ‘అనుసారక’ అనే అనువాద వ్యవస్థ చేపట్టారు. ఆ పని తర్వాత హైదరాబాదుకు వచ్చింది. తెలుగు, కన్నడం నుంచి హిందీలోకి తిప్పడం అందులో భాగం. 1998లో స్థాపించిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో నేటికీ భాషాసాంకేతిక పరిశోధనకు పెద్ద కేంద్రం ఉంది.

కాటూరు నుంచి ట్యూరింగ్ అవార్డు దాకా

ఈ చరిత్రలో మన రాయలసీమ బిడ్డ ఒకరున్నారు. దబ్బాల రాజగోపాల్ రెడ్డి గారు, లోకానికి రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి 1966లో డాక్టరేటు తీసుకున్నారు. అక్కడ ఆయన గురువు జాన్ మెకార్తీ. ఈ రంగానికి కృత్రిమ మేధ అని పేరు పెట్టిన మనిషి ఆయనే. రాజ్ రెడ్డి గారు ఎంచుకున్న పని మనిషి మాటను యంత్రం చేత వినిపించడం. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరయ్యారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన మొదటి ఆసియా వ్యక్తి ఆయన.

ప్రభుత్వాలకు సలహా చెప్పడంలో కూడా ఆయన పాత్ర ఉంది. అమెరికా అధ్యక్షుడి సమాచార సాంకేతిక సలహా సంఘానికి 1999 నుంచి 2001 వరకు సహాధ్యక్షులుగా ఉన్నారు. మన దగ్గర 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి తొలి చాన్సలరు ఆయనే. నూజివీడు, ఇడుపులపాయ, బాసర క్యాంపసుల్లో పదో తరగతి మార్కులతో పల్లెటూరి పిల్లలకు ఆరేళ్ల చదువు దొరికింది. మన బడి లాంటి బళ్లలో చదివే పిల్లలకు ఈ మొత్తం కథలో నేరుగా తెరిచిన తలుపు అదే అంటే తప్పులేదు.

రెండో ప్రయత్నం: 2018

కాలం మారింది. నియమాలు రాసి ఇచ్చే పద్ధతి పోయి, లక్షల ఉదాహరణలు చూపి యంత్రం చేత నేర్పించుకునే పద్ధతి వచ్చింది. 2017 ఆగస్టులో కేంద్ర వాణిజ్య శాఖ మద్రాసు ఐఐటీ ఆచార్యులు వి.కామకోటి అధ్యక్షతన ఒక కార్యదళాన్ని వేసింది. 2018 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ ఈ రంగంలో జాతీయ కార్యక్రమం నడిపే బాధ్యతను నీతి ఆయోగ్‌కు అప్పగించారు. అదే ఏడాది జూన్‌లో నీతి ఆయోగ్ జాతీయ వ్యూహ పత్రం విడుదల చేసింది. వైద్యం, వ్యవసాయం, విద్య, నగరాలు, రవాణా అనే ఐదు రంగాలను ఎంచుకుంది. అందరి కోసం కృత్రిమ మేధ అన్నది దాని నినాదం.

ఆ పత్రంలో వ్యవసాయానికి చూపిన ఉదాహరణల్లో ఒకటి చదివి నేను ఆగిపోయాను. అది మైక్రోసాఫ్ట్, ఇక్రిశాట్ కలిసి తయారుచేసిన విత్తన సలహా యాప్. దాన్ని మొదట పరీక్షించింది 2016 ఖరీఫ్‌లో, మన కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో.

పదును

ఆ యాప్ చేసిన పని మన రైతులకు కొత్త కాదు. మెట్ట రైతుకు ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు విత్తాలి? మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే గొర్రు కడితే, తర్వాత ఇరవై రోజులు వాన ముఖం చాటేస్తే, విత్తనం మట్టిలోనే మాడిపోతుంది. మళ్లీ విత్తడానికి మళ్లీ అప్పు. మా ఇంట్లో పెద్దవాళ్లు పిడికెడు మట్టి తీసి ఒత్తి చూసి ‘ఇంకా పదును కాలేదప్పా’ అనడం నాకు ఇప్పటికీ గుర్తు.

యాప్ ఆ పదునునే లెక్కగట్టింది. 1986 నుంచి 2015 దాకా ముప్ఫై ఏళ్ల దేవనకొండ వాతావరణ లెక్కలు తీసుకున్నారు. పైరుకు కావలసిన తేమలో ఎంత భాగం నేల ఇవ్వగలుగుతోందో ఒక సూచిక కట్టారు. దానికి రాబోయే రోజుల వాన అంచనా కలిపారు. ఫలానా వారం విత్తితే మేలు అని తెలుగులో సందేశం పంపారు. పొలంలో పరికరాలు పెట్టలేదు. రైతు దగ్గర మామూలు బటన్ల ఫోన్ ఉంటే చాలు. ఆ ఏడు జూన్ మొదట్లోనే విత్తకుండా చివరి వారం దాకా ఆగమని సలహా వచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే మృగశిర వదిలి ఆరుద్ర దాకా ఆగమన్నట్టు. సలహా పాటించిన 175 మంది వేరుశనగ రైతులకు హెక్టారుకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు. 2017లో ఆంధ్ర, కర్ణాటకల్లో 3,000 మందికి పైగా రైతులకు విస్తరించారు. అప్పుడు పంటను బట్టి 10 నుంచి 30 శాతం పెరుగుదల చెప్పారు.

ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. ఒక మండలం, ఒక పంట, ఒక కారు మీద వచ్చిన ఫలితంతో పండగ చేసుకోకూడదు. వరసగా కరువు సంవత్సరాలు వచ్చినప్పుడు ఆ సలహా నిలబడుతుందా అన్నదే అసలు పరీక్ష. అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. వాన లెక్కలు ఆకాశం నుంచి రాలేదు. ఎక్కడో ఒకచోట వానమానిని దగ్గరికి ఒక చిరుద్యోగి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్లి అంకె రాసి ఉంటేనే ముప్ఫై ఏళ్ల లెక్క తయారవుతుంది. యంత్రం తెలివి వెనకాల ఎంతమంది రాత ఉందో మనం మరిచిపోకూడదు.

పట్టికలో పిల్లల పేర్లు

అదే పత్రంలో విద్యారంగం కింద మన రాష్ట్రానిదే మరో ఉదాహరణ ఉంది. బడి మానేసే ప్రమాదం ఉన్న పిల్లలను ముందే గుర్తించడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి చేసిన పని అది. ఆడా మగా, ఇంటి పరిస్థితి, మార్కులు, బడిలో వసతులు, ఉపాధ్యాయుల నైపుణ్యం వంటివన్నీ కలిపి యంత్రం అంచనా కడుతుంది. 2018-19 సంవత్సరానికి ఒక్క విశాఖపట్నం జిల్లాలోనే ప్రభుత్వ బళ్లలో సుమారు 19,500 మందిని అలా గుర్తించారు.

ఇది చదివితే నాకు సుగ్గి గుర్తొచ్చింది. మన పశ్చిమ మండలాల వాళ్లకు ఆ మాట వివరించక్కర్లేదు. పంట పోయిన ఏడు ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకూ లేచిపోతాయి. పిల్లలూ వెంట పోతారు. దీపావళి దాటగానే మా సారు ఒకరు హాజరుపట్టీ తీసి వరసల వెంట చూసేవారు. ఎవరు వెళ్లబోతున్నారో ఆయనకు తెలిసిపోయేది. సాయంత్రం ఆ ఇళ్లకు వెళ్లేవారు. ‘పిల్లోణ్ణి అవ్వ దగ్గర వదిలి పోండప్పా’ అని అడిగేవారు. కొందరు విన్నారు. ఏడో తరగతిలో నా బెంచీలో కూర్చున్న మిత్రుడి ఇంట్లో మాత్రం వినలేదు. వాళ్లింట్లో అవ్వ లేదు.

ఎవరు మానేస్తారో కనిపెట్టడానికి ఆ సారుకు యంత్రం అక్కర్లేకపోయింది. అయితే వేల బళ్లున్న రాష్ట్రంలో ప్రతి బడికీ అలాంటి సారు దొరకరు. అక్కడ యంత్రం పట్టిక పనికొస్తుంది. కానీ పట్టిక దానంతట అది ఆ ఇంటి గడప ఎక్కదు. పేరు తెలిశాక సాయంత్రం ఆ ఇంటికి వెళ్లే మనిషి ఉంటేనే, పిల్లవాణ్ణి వదిలి వెళ్లడానికి ఒక హాస్టలు ఉంటేనే, ఆ 19,500 అంకెకు అర్థం.

ఇప్పటి అధ్యాయం

2022 జూలై 4న గాంధీనగర్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ‘భాషిణి’ని ప్రారంభించారు. మన భాషల మధ్య మాటనూ రాతనూ యంత్రం చేత తర్జుమా చేయించే పథకం అది. 2024 మార్చి 7న కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు 10,371.92 కోట్ల రూపాయలతో ‘ఇండియా ఏఐ మిషన్’ను ఆమోదించింది. 10,000కు పైగా శక్తివంతమైన ప్రాసెసర్లను సమకూర్చి పరిశోధకులకూ చిన్న సంస్థలకూ అందుబాటులో ఉంచడం, సమాచార భాండాగారాలు కట్టడం, చిన్న పట్టణాల్లో కూడా శిక్షణ ఇవ్వడం అందులో ఉన్నాయి.

1986లో నిపుణుడి నియమాలు కావాలన్నారు కాబట్టి పని పెద్ద సంస్థల గోడల మధ్యే జరిగింది. ఇప్పుడు యంత్రం జనం మాటల నుంచి, జనం లెక్కల నుంచి నేర్చుకుంటోంది. ఎవరి మాట ఎక్కువ వింటే వాళ్లదే దానికి బాగా అర్థమవుతుంది. మన సంగతి చూడండి. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. మన మాటలో కన్నడం కలిసిపోయింది. ఆదోనిలో ఉర్దూ కూడా కలిసింది. పుస్తకంలో వేరుశనగ అని ఉంటే మనం బుడ్డలంటాం, శెనక్కాయలంటాం. ఆదోని పత్తి యార్డులో నిలబడిన రైతు ఫోనులో తన యాసలో ధర అడిగితే, యంత్రం ‘అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అంటే, ఆయన రెండుసార్లు చెప్పి మూడోసారి ఫోను జేబులో పెట్టేసుకుంటాడు. పది వేల కోట్ల పథకం ఆయన దగ్గర అక్కడితో ఆగిపోతుంది.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంగా రెండు మనవులు. ఒకటి, భాషిణిలో ‘భాషాదాన్’ అని ఒక విభాగం ఉంది. ఎవరైనా తమ గొంతును, తమ వాక్యాలను తెలుగులో అక్కడ ఇవ్వవచ్చు. మనలో ఒక్కొక్కరం, వీలైతే మన ఇళ్లలోని పెద్దవాళ్ల చేత కూడా, మన మాట ఇద్దాం. బెంగుళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మిత్రులు యాస దిద్దుకోకుండా ఇవ్వాలి. రెండోది, సంఘం సభ్యుల జాబితాలో నా ఏడో తరగతి బెంచీ మిత్రుడి పేరు కోసం వెతికాను. కనబడలేదు. బడి మధ్యలో మానేసినవాళ్లు తమంతట తాము వచ్చి పేరు రాయించుకోరు. పాత హాజరుపట్టీలు ఎక్కడైనా మిగిలి ఉంటే, వాటిని చూసి అలాంటివాళ్ల ఇళ్లకు మనమే వెళ్దాం. ఆ పని మాత్రం ఏ యంత్రానికీ అప్పగించలేం. మా సారు చేసి చూపించిన పనే అది.