సరాయి, సత్రము, పదకొండు నెలల అద్దె

శంషాబాదులో ఒక్క నెలకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో 2022 వేసవిలో తెలిసివచ్చింది. మా అమ్మాయి ఇద్దరు చిన్నపిల్లలతో విదేశం నుండి మూడు వారాలకు వస్తున్నది. మేముండే ఊరికి విమానాశ్రయం నుండి ఏడు గంటల ప్రయాణం. ఆమె పనులన్నీ నగరంలో. హోటలు గది రోజుకు మూడు వేలన్నారు. ఇరవయ్యొక్క రోజులకు అరవై మూడు వేలు, పైగా పిల్లలకు గుప్పెడు అన్నం వండుకొనే వీలు లేదు. అందుచేత నేనూ మా బావమరిదీ వంటిల్లున్న చిన్న వాటా కోసం సిద్ధాంతి, రాళ్లగూడ వీధులలో టు-లెట్ పలకలు చదువుకుంటూ తిరిగాము. ఎక్కడికి వెళ్లినా రెండే ప్రశ్నలు. మొదటిది, "ఎన్ని నెలలుంటారు?" రెండవదాని సంగతి తరువాత చెబుతాను.

ఒక నెల అనగానే తలుపు సగం మూసుకొనేది. పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, ఇదీ వాడుక. ఈ పదకొండు ఏ పంచాంగం లెక్క అనుకొంటున్నారా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన అద్దె పత్రం రిజిస్టరు కావలసిందే. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకొనడానికి ఒక నెల కత్తిరించారు. ఇక 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, యజమాని తలచినప్పుడు అద్దెవానిని వెళ్లగొట్టకుండా అడ్డుపడింది. న్యాయమైన చట్టమే. కాని దానితోపాటు, దిగినవాడు మళ్లీ లేవడేమో అన్న భయం కూడా యజమానులలో స్థిరపడింది. నాలుగు వారాల మనిషి ఏ లెక్కలోనూ ఇమడడు.

పాతకాలంలో ఇమిడేవాడు. మాటలే సాక్ష్యం. సత్త్రమంటే వేదకాలపు దీర్ఘయాగం. అక్కడి అన్నదానం వల్ల అన్నం పెట్టే చోటికి ఆ పేరు వచ్చింది. సరాయి పారశీక పదం, ఇల్లని అర్థం. మజిలీ అరబ్బీ మంజిల్. ఇంగ్లీషువారి చౌల్ట్రీ మన చావడే. తెలంగాణంలో వినబడే కిరాయి కూడా అరబ్బీదే. ఇన్ని మాటలున్న భాషలో నెల రోజుల ఇంటికి మాత్రం పేరు లేకపోయింది!

గోలకొండ రాజ్యంలో బాటసారికి బస కట్టించడం రాజకుటుంబం పని. బందరు బాట మీద హయాత్‌నగరు ఉన్నది కదా, అది హయాత్ బక్షీ బేగం పేర వెలసినది. మహమ్మద్ కులీ కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. అక్కడి మసీదు ఆవరణ చుట్టూ ప్రయాణికుల కోసం వందకు పైగా గదులు కట్టించారు. షేక్‌పేట సరాయిలో మనుషులతో పాటు గుర్రాలకూ ఒంటెలకూ చోటుండేది. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే పదిహేడవ శతాబ్దిలో వచ్చినప్పుడు, ఏటి కావలి పేటలోని రెండు మూడు మసీదులు పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడుతున్నవని వ్రాసుకొన్నాడు. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి శ్రీశైలం చూచుకొని హైదరాబాదు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర తెరిస్తే మజిలీ మజిలీకీ అదే విచారణ: దిగడానికి వసతి ఉన్నదా, నీళ్లున్నవా, సరుకులు దొరుకుతవా? రెండు శతాబ్దాల తరువాత నేను రాళ్లగూడలో అడిగినవీ అవే.

1907లో నాంపల్లి రైల్వేస్టేషను వచ్చింది. పన్నెండేండ్లకు, 1919లో, దాని ఎదుటనే ఏడవ నిజాము కాలంలో సరాయి లేచింది. టిప్పుఖాన్ సరాయి అని కూడా అంటారు. బండి దిగినవాడు మూట భుజాన వేసుకొని నాలుగడుగులు నడిస్తే చాలు. ఈనాడు అందులో దిగడానికి లేదు. ఇక పైగా ప్రభువుల షంసుల్ ఉమ్రా బిరుదు మీదుగా పేరు పొందిందని చెప్పే ఈ శంషాబాదుకు 2008 మార్చి 23 నుండి విమానాలు వస్తున్నవి. దాదాపు ఐదున్నర వేల ఎకరాల చోటు. అందులో నక్షత్రాల హోటలు ఉన్నది. సరాయి లేదు. బేగంపేటలో దిగిన రోజులలో అమీర్‌పేట లాడ్జీలు కూతవేటు; ఇక్కడి నుండి ఊరిలోకి పోవడమే ఒక ప్రయాణం.

ఇక రెండవ ప్రశ్న. "మీరేమిట్లు సార్?"

ఈ ప్రశ్న సత్రానికి కొత్తది కాదు. శ్రీశైలం వెళ్లినవారికి తెలుసు: బ్రాహ్మలకు కరివేన సత్రం, వైశ్యులకు వాసవీ సత్రం, రెడ్లకు, వెలమలకు, కమ్మలకు వేరువేరుగా. దాతలు పుణ్యాత్ములే, నేనూ ఆ అన్నం తిన్నవాడినే. కాని ఆ ద్వారం వద్ద చెప్పుకొనడానికి తగిన పేరు లేనివాడు ఎన్ని తరాలు చెట్టు క్రింద పడుకొన్నాడో ఏ శాసనమూ చెప్పదు. సరాయి వర్తకుల కోసం పుట్టినది. పారశీకుడు, ఆర్మేనియా వాడు, గుజరాతీ కోమటి ఒకే బజారులో తిరిగిన రాజ్యంలో ఆ ప్రశ్న అడిగితే వ్యాపారం నడవదు.

నాలుగవ రోజున ఒక మేడమీద వాటా చూపించారు. నెలకు పద్దెనిమిది వేలు, అడ్వాన్సు లేదు. ఇంటావిడ పెద్దమనిషి, మర్యాదగా మజ్జిగ ఇచ్చింది, ప్రశ్న అడిగింది, జవాబు విని సంతోషించింది. నేనింకా సరేననలేదు. ఇంతలో సంచితో ఒక కుర్రవాడు మెట్లెక్కి వచ్చాడు. కార్గోలో కొత్తగా చేరాడట, నెల రోజులు చాలునన్నాడు, డబ్బు ముందే ఇస్తానన్నాడు. ఆమె పేరడిగింది. చెప్పాడు. "అయ్యో, ఇప్పుడే ఈ సారుకిచ్చేశాం బాబూ" అన్నది, నా వైపు చూపిస్తూ.

అతడు నా వైపు చూచాడు. అతిథిధర్మం మీద ముప్పయ్యేండ్లు పాఠాలు చెప్పిన నోరు పెగలలేదు. "సరే అమ్మా" అని దిగిపోయాడు. మా బావమరిది డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు, నేను తాళంచెవి తీసుకొన్నాను.

మా మనుమలు ఆ ఇంట్లో ఇరవయ్యొక్క రోజులు ఆడుకొన్నారు. మిగిలిన తొమ్మిది రోజులూ అది తాళం వేసి ఉన్నది.